గంగప్ప గంట

మా మనవరాలు నయనకు మేం ఇద్దరు తాతలం. నేను నాయన వైపు, గంగప్ప అమ్మ వైపు. గంగప్ప నాకు బామ్మర్ది కూడా, నా భార్య రామక్కకు తమ్ముడు. మా కొడుకు మోహన్‌కు ఆయన కూతురు రత్ననే తెచ్చుకున్నాం. ఊరొకటే, వీధి ఒకటే, నడుమ మూడు ఇళ్లు. ఇద్దరం పట్టుపురుగులు పెంచుతాం. ఇన్ని ఒకటైనచోట ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అని చూడకుండా ఉండడం నా వల్ల కాలేదు.

పురుగుల పని ఆయనకు నేర్పింది నేనే. ఆయన ఇరవై ఏళ్లపైన బంగారు గనిలో పని చేసినవాడు. గని మూసేశాక ఊరికొచ్చి పురుగుల మేతకు రేష్మ తోట, అదే మల్బరీ తోట, నాటాడు. కొమ్మ ఎంత పొడవున కోయాలో, పురుగు జ్వరంలో ఉన్నప్పుడు మేత ఎందుకు ఆపాలో నేను చెప్పాను. జ్వరమంటే పురుగు పొర విడిచే ముందు తిండి మాని తలెత్తుకుని పడుండే కాలం. మూడో పంటకే ఆయన గూళ్లు నా గూళ్లకంటే గట్టిగా వచ్చాయి. మార్కెట్‌లో నలుగురి ముందు, ఇదంతా మా బావ నేర్పిన పని అని చెప్పాడు. ఆయన అలా చెప్పకుండా ఉంటే నాకు కొంచెం సులభంగా ఉండేది.

ఆయన మాట్లాడతాడు. నేను మాట్లాడను. మూడో తరగతితో పలక పక్కన పెట్టినవాణ్ణి, అక్షరం మీద వేలు పెట్టుకుని చదువుతాను. ఆయన ఎంత చదివాడో నాకు తెలియదు కానీ గనిలో తమిళం, ఇంగ్లీషు, కన్నడం అన్నీ నోటికి పట్టించుకుని వచ్చాడు. నయన చిన్నప్పుడు బడి విడిచాక మా ఇంటికే వచ్చేది, మా ఇంట్లోనే పెరిగింది. అయినా కథ కావాలంటే మాత్రం మూడిళ్లు దాటి పోయేది.

చిన్న పురుగులను మేం ఇంట్లో పెంచం. గుడ్డు పగిలిన నాటి నుంచి రెండో జ్వరం దాటేదాకా ఆవని దారిలో ప్రేమమ్మ నడిపే చాకి సెంటర్లో పెంచి, పెట్టెల్లో పెట్టి వ్యానులో పంపుతారు. ఎన్ని కావాలో ముందుగా చెప్పుకోవాలి. గూడులోంచి వచ్చిన ఒక చిలుక పెట్టిన గుడ్లన్నీ కలిపి ఒక మొట్టె అంటాం. నా తోటలో ఆకు నూటేబై మొట్టెలకు సరిపోతుంది. కానీ నూటేబై అన్న మాట నేను ఎప్పుడూ నోటితో పలకలేదు. పురుగు లెక్క బయటికి చెబితే దిష్టి తగులుతుంది. పెళ్లానికి కూడా చెప్పను. ప్రేమమ్మ దగ్గరికి పోయినప్పుడు పక్కకు పిలిచి, నూరు అనేవాణ్ణి. ఆమె తలాడించి నూటేబై రాసుకునేది. అందరూ తగ్గించే చెబుతారు, ఎవరు ఎంత తగ్గిస్తారో ఆమెకు తెలుసు. పాతికేళ్లుగా ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

తర్వాత ప్రేమమ్మకు రాయల్పాడు వైపు నుంచి కూడా రైతులు ఎక్కువయ్యారు. ఫోన్లు ఎత్తలేకపోయింది. నయన బెంగళూరులో కంప్యూటర్ పని చేస్తుంది, రోజూ తెల్లవారే బంగారుపేటలో రైలెక్కి పోతుంది. ప్రేమమ్మ ఆ పిల్లను అడిగింది. నయన ఆదివారాలు కూర్చుని ఒక వెబ్‌సైట్ కట్టిచ్చింది. ఫోన్లో తెరిస్తే ఒక ఫారం వస్తుంది. పేరు, ఊరు, ఏ తేదీకి, ఎన్ని మొట్టెలు. నింపి కింద బటన్ నొక్కాలి. తెలుగులో ఉంది, కన్నడంలో ఉంది.

మొదట కట్టింది సరిగా నడవలేదు. బటన్ నొక్కితే తెర తిరుగుతూనే ఉండేది. ఆ తేదీకి ఎన్ని మొట్టెలు మిగిలాయి, వ్యాను ఏ దారిన పోతుంది, ఇవన్నీ వెనక చూసుకున్నాకే జవాబు ఇచ్చేది. ఈలోపల మా ఊర్లో సిగ్నల్ పోయిందంటే నింపినదంతా పోయేది. నలబైమంది ఒకేసారి నొక్కితే ఎవరికీ ఏదీ వచ్చేది కాదు. నయన దాన్ని విప్పి మళ్లీ కట్టింది. ఒక ఆదివారం మా ఇంటి ముందు జగలి అరుగు మీద మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇప్పుడు నొక్కిన వెంటనే అందిందని చెప్పేస్తుంది, అర్జీని ఒక వరసలో పెట్టుకుంటుంది, వెనక ఒక్కొక్కటిగా తీసి పని చేసుకుంటుంది, జవాబు తర్వాత మెసేజ్‌గా వస్తుంది, అందాక మీరు ఫోను పట్టుకుని కాచుకోవాల్సిన పని లేదు. ఇదీ ఆ పిల్ల చెప్పింది.

నేను తలాడించాను. అందడం ఒకప్పుడు, జవాబు ఒకప్పుడు ఎందుకో నా తలకెక్కలేదు. అర్థం కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. గంగప్ప మాత్రం మోకాలి మీద చెయ్యేసి ముందుకు వంగాడు.

"అమ్మా, ఇది మా కేజ్ గంట మాదిరి ఉండాదే" అన్నాడు. "మమ్మల్ని పైకి లాగే కేజ్ కోసరం గనిలో కింద నేను గంట కొడతా ఉంటిని. పైన ఇంజన్ డ్రైవరు అదే లెక్కకు తిరిగి కొట్టేవాడు. అంటే నీ గంట విన్నాను అని. కేజ్ వచ్చేసిందని కాదు. అది రావాల్సినప్పుడు వస్తాది. ఆ లోపల మనం బీడీ తాగొచ్చు."

నయన నవ్వి ఆయన చెయ్యి పట్టుకుంది. "తాతా, ఇదే విషయం మా ఆఫీసులో కొత్తోళ్లకు మూడు దినాలు చెప్పినాను. నువ్వు ఒక్క గంటతో చెప్పేసినావు."

మరుసటి ఆదివారానికి, నొక్కగానే వచ్చే మాట పక్కన చిన్న గంట బొమ్మ పెట్టింది. 'మీ అర్జీ అందింది. చూసి చెబుతాం.' పక్కన గంట. రాయల్పాడు నుంచి బంగారుపేట దాకా ఎవరు ఫారం నింపినా గంగప్ప గంట కనిపించేది.

నాకూ ఒక పోలిక తట్టింది. రాగుల సంచి పిండి మిల్లులో పెడతాం, మిల్లువాడు సంచి మీద సుద్దతో గుర్తు గీస్తాడు, మన పాటికి మనం సంతకు పోయి వస్తాం. అదీ ఇదీ ఒకటే. కానీ నాకు తట్టేసరికి రెండు దినాలు గడిచాయి. అప్పటికి గంట ఎక్కేసింది. నేను ఎవరితోనూ అనలేదు.

కొత్త ఫారంతో మొదటి పంటకు గంగప్పకు ఆయన కాఫీ తాగే లోపల జవాబు వచ్చింది. వీధిలో ఫోను ఎత్తి చూపించాడు. నాకు మధ్యాహ్నం దాటాక వచ్చింది. ఆయన పొద్దున ఆరింటికి నొక్కాడు, నేను పాలు పోసి వచ్చి తొమ్మిదింటికి నొక్కాను. ఆ తేడా నేను అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. నా మనసు 'చూసి చెబుతాం' అన్న మాట దగ్గర ఆగిపోయింది. చూసేది ఎవరు? ప్రేమమ్మకు కంప్యూటర్ రాదు. కట్టింది నయన. పొద్దున రైల్లో కూర్చుని, చేతిలో ఫోను పెట్టుకుని, వచ్చిన అర్జీలు ఒక్కొక్కటీ చూసేది మా పిల్లే. గంగప్పది ముందు చూసింది. నాది పక్కన పెట్టి భోజనమయ్యాక చూసింది. నాకు అలా తోచింది. ఒకసారి తోచాక వేరేగా తోచలేదు.

ఆ పంట ఇరవై రెండు దినాలూ పురుగులకు మేత వేస్తూ దాన్నే నమిలాను. ఆదివారం నయన వచ్చి, ఫారం బాగుండాదా తాతా అని అడిగింది. బాగుంది అన్నాను.

రెండో పంటకు అర్జీలు తీసుకునే దినం బుధవారం. రేష్మ తోట కోసి నలబై దినాలైంది. పురుగులు వచ్చేసరికి ఆకు సరిగ్గా పదునుకొస్తుంది. ఆ పదును పది దినాలు దాటితే అడుగు ఆకు పండిపోతుంది, పురుగు ముట్టదు. అందుకే తేదీ దొరకడం ముఖ్యం. ఆ తేదీకి ప్రేమమ్మ దగ్గర రెండు వేల మొట్టెలే ఉన్నాయని ఫారం మీదే రాసి ఉంది.

నేను పాలు రామక్కకు అప్పజెప్పి ఆరు కొట్టేసరికి జగలి మీద కూర్చున్నాను. గంగప్ప తలుపు ఇంకా తీయలేదు. పేరు రాశాను, ఊరు రాశాను. ఎన్ని అన్నచోట అలవాటుగా నూరు వేశాను. నొక్కాను. గంట వచ్చింది. చూసి చెబుతాం.

అయిదు నిమిషాలు చూశాను. ఏమీ రాలేదు. రైలు మాలూరు కూడా దాటి ఉండదు, పిల్ల ఫోను చూస్తూనే ఉంటుంది అనుకున్నాను. అప్పుడు ఇంకో భయం పట్టింది. నూరు అంటే నూటేబై అని ప్రేమమ్మకు తెలుసు, నయనకు తెలియదు. నూరే పంపితే నా తోటలో మిగిలిన ఆకు ఏమవుతుంది? మళ్లీ ఫారం తెరిచి నూటేబై వేసి నొక్కాను. ఆ అంకె రాస్తున్నప్పుడు ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి వైపు చూశాను. గంట వచ్చింది. జవాబు రాలేదు.

అప్పుడు గంగప్ప తలుపు తీశాడు. నోట్లో వేపపుల్లతో వచ్చి గట్టు మీద కూర్చున్నాడు, ఫోను మాత్రం తీయలేదు. తొందర లేదు ఆయనకు. ఆయనది ఎప్పుడు వచ్చినా చూస్తారు కదా అనిపించింది నాకు. మూడోసారి తెరిచాను. పెద్ద లెక్క అయితే పిల్ల కంటపడుతుందని రెండు నూర్లు వేశాను. అది నొక్కి, సరిగా నొక్కానో లేదోనని అదే ఇంకోసారి నొక్కాను. నాలుగు సార్లూ గంగప్ప గంటే వచ్చింది.

ఎనిమిదింటికి మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి కాదు, మూడు. వేలు పెట్టుకుని చదివాను. నూరు ఖాయం. నూటేబై ఖాయం. రెండు నూర్లు ఖాయం. మూడింటికీ ఒకటే తేదీ.

నేను మొదట భయపడలేదు. సంతోషపడ్డాను. పిల్ల చూసింది, నా పేరు చూసి మూడుసార్లూ ఇచ్చింది అనుకున్నాను. గని తాతకు గంట ఇస్తే ఇవ్వనీ, పురుగులు మాత్రం నాకిచ్చింది.

పది గంటలకు గంగప్ప వచ్చి అక్కను కాఫీ అడిగాడు. ఆయన ఆరున్నరకు నొక్కాడట, ఆ తేదీకి మొట్టెలు అయిపోయాయని వచ్చిందట. రామక్క నా వైపు తిరిగి, నీకు వచ్చినాయా అని అడిగింది. వచ్చాయి అన్నాను. ఎన్ని అని ఆమె అడగదు, మా ఇంటి రివాజు అది. గంగప్ప కూడా అడగలేదు. కాఫీ తాగుతూ, రాయల్పాడు వాళ్లు కోడి కూయకముందే లేచి ఉంటారు బావా అని నవ్వాడు. ఆయన నవ్వుతుంటే కింది పెదవి ఒకపక్కకు లాగింది. ఆ లాగడం చూశాను. చూసి నాకు బాగానే అనిపించింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఆ తర్వాత పద్దెనిమిది దినాలు ఆయన తిరిగాడు. ముళబాగిలు దాకా పోయి వేరే చాకి సెంటర్లలో అడిగాడు. ఎక్కడా ఆ వారానికి మిగల్లేదు. ఆయన తోట మీదుగానే నా తోటకు దారి. ఆకు అరచేయంత వెడల్పయింది, నల్లగా నిగనిగలాడింది. నా ఆకు కంటే ఆయన ఆకే ఒక పాలు ఎక్కువ. అది తినే పురుగు లేదు. పోయేటప్పుడూ చూసేవాణ్ణి, వచ్చేటప్పుడూ చూసేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆయన నయనకు ఫోను చేసి అడగడం గోడ ఇవతల నుంచి విన్నాను. ఏమన్నా కొంచెం చూడొచ్చా అమ్మా అన్నాడు. అంతకంటే ఎక్కువ అడగలేదు. అవతల పిల్ల ఏం చెప్పిందో ఏమో, సరేలేమ్మా, వరస అంటే వరసే అని పెట్టేశాడు. నేను అప్పుడైనా పోయి చెప్పొచ్చు. ప్రేమమ్మకు ఫోను చేసి రెండు అర్జీలు తీసేయమనొచ్చు. ఆమె ఆ వారాల్లో కూతురి కాన్పుకు పోయి ఉంది, ఫోను ఎత్తదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. చేసి చూడలేదు.

వ్యాను ఆదివారం పొద్దున వచ్చింది. డ్రైవరు చీటీ చూసుకుని పెట్టెలు దించాడు. పెట్టెకు యాబై మొట్టెలు. మూడు దించాడు, ఆరు దించాడు, తొమ్మిది దించాడు. జగలి నిండింది. పెట్టెల మీద కప్పిన కాగితం ఎత్తి చూస్తే పురుగులు జ్వరం విడిచి లేస్తున్నాయి. లేచిన పురుగుకు గంటలోపల మేత పడాలి. నా దగ్గర మూడు పెట్టెల ఆకు ఉంది. తొమ్మిది పెట్టెలకూ వేస్తే నాలుగో దినానికి తోటలో పుల్లలు మిగులుతాయి, అన్నీ చస్తాయి. ఇది నాకు ముందే తెలియదా? తెలుసు. ఆ దినం వచ్చినప్పుడు చూసుకుందాం అనుకున్నాను. వచ్చింది.

రామక్క పురుగులకు ఎత్తే హారతి పళ్లెం పట్టుకుని గడప లోపల నిలబడిపోయింది. లోపలికి తీసుకోవాల్నా అని అడిగింది. పురుగు ఒకసారి గడప దాటితే మళ్లీ బయటికి పోకూడదు. ఉండు అన్నాను.

వ్యాను వెనకే ప్రేమమ్మ స్కూటర్‌లో వచ్చింది. ముందు రోజే ఊరికి వచ్చిందట, చీటీలో నా పేరు మూడుసార్లు చూసిందట. నా వైపు చూడకుండా, నయనను పిలవమంది. నయన తల దువ్వుకుంటూ ఉన్నది అట్లే వచ్చింది. చప్పుడుకు గంగప్ప కూడా వచ్చి వీధిలో నిలబడ్డాడు.

ప్రేమమ్మ గట్టిగా ఏమీ మాట్లాడలేదు. రాయల్పాడులో ఇద్దరికి ఈ తూరి పురుగులు దక్కలేదని, ఈ సంగతి వాళ్లకు తెలిసిందని చెప్పింది. వాళ్లు అన్న మాట చెప్పింది.

"సైట్ కట్టిన పిల్ల వాళ్ల తాత ఇంటికి మూడు తూర్లు ఇచ్చుకొనింది అంటా ఉండారు. నేనేం చెప్పేది నయనా? నిన్ను నమ్మి పాత పుస్తకం మూసేసినాను. మళ్లా అదే తెరుస్తాను, ఈ ఫారం ఇంగ వద్దు."

నయన ముఖం తెల్లబోయింది. లోపలికి పోయి ల్యాప్‌టాప్ తెచ్చి జగలి మీద, పెట్టెల నడుమ పెట్టి కూర్చుంది. చాలాసేపు కిందికి పైకి చూసింది. ఒకే ఫారం రెండుసార్లు నొక్కితే ఒకటిగానే తీసుకునేటట్టు కట్టాను అని ప్రేమమ్మకు చెప్పింది. సిగ్నల్ పోయి మళ్లీ నొక్కేవాళ్లు ఉంటారని ముందే ఆలోచించి పెట్టాను, ఇక్కడ చూడు, రెండు నూర్లది రెండుసార్లు వచ్చింది, ఒకటి తీసేసింది అని చూపించింది. తర్వాత ఆగింది. మిగతావి తీయలేదు, ఎందుకంటే అంకెలు వేరువేరుగా ఉన్నాయి. వేరే అంకె అంటే వేరే అర్జీ అనుకుంది ఆ వరస.

"తాతా" అంది. "నూరు, నూటేబై, రెండు నూర్లు. మూడూ నువ్వే పంపించినావా?"

అందరూ నా వైపు చూశారు. నా పురుగుల లెక్క వీధిలో పలికారు, ప్రేమమ్మ విన్నది, డ్రైవరు విన్నాడు, గంగప్ప విన్నాడు. కానీ నాకు ఆ క్షణం దిష్టి గుర్తుకు రాలేదు. వేరే మాట గొంతులో ఉంది.

"నువ్వు చూసి ఇయ్యలేదా?" అన్నాను.

"నేనా?"

"చూసి చెబుతాం అని ఉండాది కదమ్మా. పొద్దున రైల్లో చూస్తావు కదా."

"రైల్లో నేను నిద్రపోతా తాతా" అంది నయన. "వైట్‌ఫీల్డ్ వచ్చేదాకా లేవను. ఎవురూ చూడరు. అది వరసలో తీసుకొని దాని పాటికి అది చేసుకుంటాది. ఎవురిది వచ్చిందో, ఎవురికి పోయిందో నాకు తెలీనే తెలీదు."

గంగప్పది ముందు చూడలేదు. నాది పక్కన పెట్టలేదు. మూడుసార్లు ఇవ్వనూ లేదు. ఎవరూ లేని చోటికి నేను నాలుగు సార్లు పోయి నిలబడ్డాను. పద్దెనిమిది దినాలుగా సంతోషం అనుకున్నది కూడా ఎవరూ ఇచ్చింది కాదు.

నయన ల్యాప్‌టాప్ వైపే చూస్తూ ప్రేమమ్మతో, తప్పు నాదే ప్రేమక్కా, ఒక ఇంటికి ఒక తేదీకి ఒకటే అని పెట్టాల్సింది, మా వాళ్లు అంకె మార్చి చెబుతారని నాకు తట్టలేదు, ఈ ఇంట్లో పెరిగి కూడా తట్టలేదు అంది. ప్రేమమ్మ సగం నమ్మినట్టు, సగం నమ్మనట్టు నిలబడింది. పిల్ల తాతను కాపాడుతోందని ఆమె అనుకుంటోంది. అది నాకు కనిపించింది. నేను నోరు మూసుకుంటే అది అట్లే నిలిచిపోతుంది. రాయల్పాడులో, ఆవనిలో, బంగారుపేటలో ఆ పిల్ల పేరు అట్లే ఉండిపోతుంది.

"పాప ఏం చేయలా" అన్నాను. "మూడూ నేనే పంపినా. జవాబు రాలేదని పంపినా. మూడూ వచ్చినాయి. గంగప్పకు రాలేదని ఆ పొద్దే తెలిసింది. తెలిసీ చెప్పకుండా సుమ్నే ఉండినా."

ప్రేమమ్మ, ఎందుకన్నా అని అడిగింది. రామక్క హారతి పళ్లెం కింద పెట్టి లోపలికి పోయింది. తమ్ముడి తోట ఆకు ఆమె కూడా రోజూ చూస్తూ ఉంది.

గంగప్ప వీధిలోంచి జగలి దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను. ఆయన వంగి పెట్టె మీద కాగితం ఎత్తి చూశాడు.

"లేచేసినాయి బావా" అన్నాడు. "మాటలు తర్వాత చూసుకుందాం. వీటికి కడుపు కాలతా ఉండాది."

అప్పుడు ప్రేమమ్మ కూడా పనిలోకి దిగింది. మూడు పెట్టెలు మళ్లీ వ్యానెక్కించి రాయల్పాడు ఇద్దరికీ పంపింది. వాళ్లకు తానే ఫోను చేసి, పిల్ల తప్పు లేదు, పెద్దాయన తెలియక మూడుసార్లు పంపాడని చెప్పింది. తెలియక అన్న మాట ఆమె కలిపింది. నేను దిద్దబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఫారం తీసేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. స్కూటర్ ఎక్కుతూ, వచ్చే ఆదివారం లోపల దాన్ని సరిచేయి నయనా అని మాత్రం అంది.

మూడు పెట్టెలు నా షెడ్డులో దించి, రామక్కకు మేత అప్పజెప్పాను. మిగిలిన మూడు గంగప్పవి. ఆయన ఎత్తబోతే నేను పట్టుకున్నాను. ఒక్కొక్కటీ నేనే మోసుకుపోయాను, మూడిళ్లు దాటి. మూడో పెట్టె దించేసరికి నడుం పట్టేసింది, ఆపలేదు.

పంట మీద ఉన్నప్పుడు ఒకరి షెడ్డులోకి ఇంకొకరు పోరు. ఆయన సున్నపు నీళ్లు చూపించి కాళ్లు కడుక్కోమన్నాడు, లోపలికి రమ్మన్నాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ లోపల చూశాను. స్టాండ్లు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. కిటికీలకు దోమల వల బిగించి ఉంది, నేను ఎప్పుడూ పెట్టలేదు. పురుగు రాదని తెలిసిన తర్వాత కూడా ఆయన షెడ్డు సిద్ధం చేసి పెట్టాడు. నేను నేర్పినదానికంటే అది చాలా ముందుకు పోయింది. తప్పు పట్టడానికి ఒక్కటైనా కనిపిస్తుందేమోనని చుట్టూ చూశాను. ఇంత జరిగాక కూడా నా కళ్లు దాన్నే వెతికాయి.

రత్న వాళ్ల నాయన తోట నుంచి లేత కొమ్మలు కోసి తెచ్చి వాకిట్లో వేసింది. ఆయన ఒకవైపు, నేను ఒకవైపు నిలబడి పరిచాం. పురుగులు ఆకు అంచు పట్టుకున్నాయి. ఆయన కూడా మాట్లాడకపోవడం నాకు కొత్త.

నయన వచ్చి బయట తలుపు దగ్గర నిలబడింది. ముఖానికి పౌడర్ వేసుకుంది, ఆ వాసనతో లోపలికి రాకూడదని తెలుసు. చేతిలో ఫోను ఉంది.

"తాతా" అని పిలిచింది.

ఇద్దరం తలెత్తాం.

ఫారంలో ఒక మాట తేల్చుకోవాలంది. ఒకే ఇంటి నుంచి ఒకే తేదీకి రెండో అర్జీ వస్తే ఏం చేయాలి? మొదటిది తీసేసి రెండోది పెట్టాలా, రెండోది ఆపేయాలా? పురుగులు పెంచేవాళ్లకు ఏది నయమో నాకు తెలీదు, మీరు చెప్పండి అంది.

ఇలాంటివి గంగప్పనే అడుగుతుంది, ఆయనే చెబుతాడు. గనిలో ఇట్లా ఉండేది అట్లా ఉండేది అని మొదలుపెడతాడు. నేను కొమ్మ చేతిలో పట్టుకుని ఆయన మొదలుపెట్టేదాకా కాచుకున్నాను. ఆయన మొదలుపెట్టలేదు. తల వంచుకుని ఆకు సర్దుతూ ఉన్నాడు. సర్దిన ఆకునే మళ్లీ సర్దాడు.

"రెండూ చేయొద్దు" అన్నాను నేను. "అడుగు. నీది మొదటి అర్జీ ఒకటి ఉండాది, దాన్నే మార్చాల్నా అని అడుగు. అంకె మార్చేవాడు ఊరికే మార్చడమ్మా. వానికి ఏదో భయం ఉంటాది."

"అవును తాతా, అదే సరి" అని ఫోన్లో రాసుకుంటూ పోయింది.

నన్ను అడిగింది, నేను చెప్పాను, నా మాట తీసుకుంది. ఇన్నేళ్లలో నేను కోరింది ఇంతే. కానీ గంగప్పకు ఆ జవాబు తెలియక ఊరుకోలేదని నాకు తెలుసు. పిల్ల అడుగుతుంటేనే ఆయన పెదవి కదిలింది, చూశాను. నా కోసం మూసుకున్నాడు. ఆ చోటు నాకు ఇచ్చింది ఆయన.

పురుగులు నావి ఆయనకు ఇచ్చాను కదా అని లెక్క సరిచేసుకోబోయాను. అవి ఎప్పుడూ నావి కావు. కొమ్మలు అయిపోయేదాకా పరిచాను, ఆయన వైపు చూడకుండా.